మెకానికల్ నుంచి ఎలక్ట్రికల్‌కి మారాలి: మళ్లీ బ్యాచిలర్సా, నేరుగా మాస్టర్సా?

పాతబేరింగ్ #1

మెకానికల్‌లో డిగ్రీ అయి ఆరేళ్లు. ఐదేళ్లుగా పంపులు, ఫ్యాన్లు, వాటి వైబ్రేషన్ రిపోర్టులు, ఇదే నా లోకం.

ఒక పెద్ద ఫ్యాను మోటారుకి ఏడాదిలో మూడుసార్లు బేరింగ్ పోయింది. అలైన్‌మెంట్ చూశాం, గ్రీజు మార్చాం, చివరికి బేరింగ్ కంపెనీనే మార్చాం. మూడోసారి విప్పితే బయటి రింగు గాడిలో అడ్డగీతలు. రేకుల షెడ్డు కప్పులాగా వరసగా, ఒకే దూరంలో. ఎలక్ట్రికల్ ఆయన వచ్చి రెండు నిమిషాలు చూసి, "బేరింగ్‌ని తిట్టకండి. డ్రైవ్ వల్ల షాఫ్టు మీద వోల్టేజీ వస్తోంది, కరెంటు బేరింగ్ గుండా దూకి పోతోంది" అని చెప్పి, షాఫ్టుకి గ్రౌండింగ్ రింగు వేయించి వెళ్లిపోయాడు. ఇప్పటికి పద్నాలుగు నెలలు, ఆ బేరింగ్ అలాగే తిరుగుతోంది.

అప్పటినుంచి మనసు మోటారు వెనక ఉండి దాని వేగాన్ని మార్చే ఆ డ్రైవ్ డబ్బా మీదే ఉంది. మోటార్ డ్రైవ్‌లు, పవర్ ఎలక్ట్రానిక్స్ వైపు పూర్తిగా మారిపోవాలని నిర్ణయం తీసుకున్నా. దారి దగ్గరే తేలడం లేదు.

ఒకటి, ఎలక్ట్రికల్‌లో రెండో బ్యాచిలర్స్. మ్యాథ్స్, ఫిజిక్స్ లాంటివి మినహాయిస్తామన్నారు, అయినా రెండున్నరేళ్లు పడుతుంది. రెండు, మాస్టర్స్. నాలుగైదు బ్రిడ్జ్ కోర్సులు, అంటే ఎలక్ట్రికల్ బ్యాచిలర్స్‌లో ఉండి నేను చదవని సబ్జెక్టులు, ముందు పూర్తి చేయాలన్న షరతు మీద సీటు ఇస్తారు. వయసు 28. ఎవరైనా ఈ గోడ దూకినవాళ్లు ఉంటే చెప్పండి.

లాప్లాస్_బాధితుడు #2

మాస్టర్స్. ఇందులో ఆలోచించడానికి ఏముంది? ఇంజినీర్ అని చెప్పే కాగితం ఒకటి ఉంది కదా. అదే మెట్టు మీద ఇంకో కాగితం తెచ్చుకుంటే ఎదిగినట్టా, పక్కకి జరిగినట్టా?

ఓమ్_స్వాహా #3

#2, అంత తేలిగ్గా తేల్చేయకండి. నేను సరిగ్గా ఆ మాట నమ్మే మెకానికల్ నుంచి నేరుగా ఎలక్ట్రికల్ మాస్టర్స్‌లో చేరాను. మా దగ్గర బ్రిడ్జ్ కోర్సులు కూడా అడగలేదు. అడగకపోవడం అదృష్టం అనుకున్నా.

మొదటి సెమిస్టర్‌లో ఒక ల్యాబ్ ప్రాజెక్టు. మెయిన్స్ నుంచి వచ్చే ఏసీని నాలుగు డయోడ్ల బ్రిడ్జితో డీసీ చేసి, దాన్ని స్విచ్ చేసే చిన్న సర్క్యూట్. మధ్యలో సర్క్యూట్‌ని మెయిన్స్ నుంచి విడదీసే ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ లేదు. వేవ్‌ఫారమ్ చూద్దామని ఆసిలోస్కోప్ ప్రోబ్ తీసుకుని, దాని పక్కన వేలాడే మొసలి క్లిప్‌ని డీసీ నెగెటివ్‌కి తగిలించాను. నెగెటివ్ అంటే గ్రౌండే కదా అని నా లెక్క. ఢామ్మని పేలింది. క్లిప్ కొన నల్లగా మాడిపోయింది, రెండు డయోడ్లు పోయాయి, గదిలో బ్రేకర్ పడిపోయింది.

విషయం ఏమిటంటే, మామూలు స్కోప్‌లో ఆ క్లిప్ లోపలి నుంచి నేరుగా ఎర్త్‌కి కలిసే ఉంటుంది. బ్రిడ్జి తర్వాత వచ్చే నెగెటివ్ ఎర్త్ దగ్గర ఉండదు, మెయిన్స్‌తో పాటు కిందకీ పైకీ ఊగుతుంది. అంటే నేను నా చేత్తో మెయిన్స్‌ని ఎర్త్‌కి షార్ట్ చేశాను. పక్క బల్ల మీద బ్యాచిలర్స్ రెండో ఏడాది అమ్మాయి ఉంది. "డిఫరెన్షియల్ ప్రోబ్ పెట్టాలి కదండీ" అంది. ఎర్త్‌తో పని లేకుండా రెండు పాయింట్ల మధ్య తేడాని కొలిచేది అది. ఎగతాళిగా కాదు, మామూలుగా. అదే ఇంకా ఎక్కువ గుచ్చుకుంది.

ఆ సంగతి మాస్టర్స్ సిలబస్‌లో ఎక్కడా ఉండదు. బ్యాచిలర్స్ ల్యాబుల్లో ఎవరో ఒకరు ముందే పేల్చేసి ఉంటారు కాబట్టి అందరికీ తెలిసిపోతుంది.

రాత్రి_డ్యూటీ #4

మీ పేరు ఆ రోజే పెట్టుకున్నారా?

ఓమ్_స్వాహా #5

ఆ సాయంత్రమే.

లాప్లాస్_బాధితుడు #6

#3, మంచి కథే. కానీ ఒక్క క్లిప్ కోసం రెండున్నరేళ్లు పెట్టమంటారా? ఆ పాఠం మీకు ఒక్క మధ్యాహ్నంలో వచ్చేసింది.

ఓమ్_స్వాహా #7

క్లిప్ ఒక్కటే అయితే పెట్టమనను. అదే సెమిస్టర్‌లో రాండమ్ ప్రాసెసెస్‌లో సీ గ్రేడు వచ్చింది. చాలా చోట్ల పీజీలో సగటు బీకి తగ్గితే ప్రొబేషన్. రెండో సెమిస్టర్ అంతా ఆ టెన్షన్‌తోనే గడిచింది. చదవడం వేరు, సీటు పోతుందేమోనన్న భయంతో చదవడం వేరు.

మళ్లీ_మొదటేడాది #8

నేను మొదటి దారిలో వెళ్లినవాణ్ని, అంటే కెమికల్ చదివి, మళ్లీ ఎలక్ట్రానిక్స్ బ్యాచిలర్స్. మంచీ చెడూ రెండూ చెబుతా.

రెండేళ్లలో అయిపోతుందని కూడికలు, తీసివేతలు వేసుకుని చేరాను. మినహాయింపులు పోగా మిగిలినవి పదిహేడు సబ్జెక్టులు. సెమిస్టర్‌కి ఐదు చొప్పున చదివితే సరిపోదా అనుకున్నా. సరిపోదు. అడ్డొచ్చేది సబ్జెక్టుల సంఖ్య కాదు, గొలుసు. సర్క్యూట్స్ అయితేగానీ సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్ ఇవ్వరు. అదయితేగానీ కమ్యూనికేషన్స్ ఇవ్వరు, అదయితేగానీ ఆ పై ల్యాబ్ ఇవ్వరు. పైగా వాటిలో కొన్ని ఏడాదికి ఒక్కసారే నడుపుతారు. ఒక సెమిస్టర్‌లో రెండే సబ్జెక్టులు తీసుకుని ఖాళీగా కూర్చున్నా, ఎందుకంటే మూడోదానికి ముందుది ఇంకా పూర్తి కాలేదు. మూడేళ్లు పట్టింది.

రెండో దెబ్బ మినహాయింపులే. మొదటి డిగ్రీలో డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ చదివావు కదా, అక్కర్లేదు అన్నారు. పండగ చేసుకున్నా. అది చదివి అప్పటికి ఎనిమిదేళ్లు. సిగ్నల్స్ క్లాసులో కన్వల్యూషన్ మొదలయ్యేసరికి ఇంటిగ్రల్ హద్దులు ఎలా మార్చాలో కూడా గుర్తులేదు. పక్కన కూర్చున్నవాళ్లు అదే మ్యాథ్స్ నాలుగు నెలల క్రితం రాసొచ్చారు. మినహాయింపు కాగితం మీదే ఇచ్చారు, బుర్రకి ఇవ్వలేదు.

మంచి సంగతి: ల్యాబుల్లో చేయి తిరిగింది. ఇంటర్న్‌షిప్ దొరికింది, అది బ్యాచిలర్స్ విద్యార్థులకే పెట్టిన ఇంటర్న్‌షిప్. ఆ ఇంటర్న్‌షిప్పే ఉద్యోగం అయింది. క్లాసులో నన్ను అంకుల్ అనేవాళ్లు. నా వయసు అప్పుడు 27.

రాత్రి_డ్యూటీ #9

అంకుల్, హాజరు వేయించారా?

మళ్లీ_మొదటేడాది #10

ల్యాబ్ రికార్డులు కూడా నావి చూసే రాసేవాళ్లు. పెద్దవాడి చేతిరాత బాగుంటుందని.

కాంక్రీట్_అక్క #11

ఇక్కడ ఎవరూ లైసెన్స్ ఊసెత్తలేదు. నేను సివిల్ స్ట్రక్చరల్‌లో ఉన్నా. మా దగ్గర డ్రాయింగు మీద సంతకం పెట్టే హక్కు ఉండాలి, అది లేకపోతే ఎంత చదివినా ఇంకొకరి సంతకం కోసం ఫైలు పట్టుకుని తిరగాలి. ఆ హక్కు ఇచ్చే బోర్డులు చూసేది గుర్తింపు ఉన్న బ్యాచిలర్స్‌నే. ఇంజినీరింగ్ డిగ్రీలను దేశాలు ఒకరివి ఒకరు ఒప్పుకోవడానికి 1989లో ఆరు దేశాలతో మొదలైన వాషింగ్టన్ అకార్డ్ ఉంది కదా, అది కూడా ప్రధానంగా బ్యాచిలర్స్ స్థాయి ప్రోగ్రాముల గురించే. మాస్టర్స్ చేసి తర్వాత బోర్డు ముందు నిలబడి బావురుమన్నవాళ్లను చూశాను. కాబట్టి బ్యాచిలర్స్ అంటే పక్కకి జరగడమే అన్న #2తో ఒప్పుకోను.

రిలే_రాణి #12

అక్కా, సగం నిజం చెప్పారు. బోర్డులు గుర్తింపు ఉన్న బ్యాచిలర్స్ చూస్తాయి, సరే. కానీ ఈ తమ్ముడికి ఒక ఇంజినీరింగ్ బ్యాచిలర్స్ ఇప్పటికే ఉంది. దానికి గుర్తింపు ఉందా లేదా అన్నదే మొదటి ప్రశ్న. ఉదాహరణకి అమెరికాలో చాలా రాష్ట్రాల్లో లైసెన్స్ బ్రాంచివారీగా ఉండదు, "ప్రొఫెషనల్ ఇంజినీర్" అనే ఇస్తారు. డిగ్రీ మెకానికల్ అయినా పరీక్ష ఎలక్ట్రికల్‌లో రాసినవాళ్లు ఉన్నారు. తనకి సామర్థ్యం ఉన్న పనిలోనే సంతకం పెట్టాలన్నది నియమం. అలాంటి చోట మెకానికల్ బ్యాచిలర్స్, ఎలక్ట్రికల్ మాస్టర్స్, ఆ రంగంలో అనుభవం ఉంటే దారి మూసుకుపోదు.

బ్రాంచి చూసి మరీ లైసెన్స్ ఇచ్చే చోట మీరు చెప్పిందే కరెక్ట్. ఎక్కడ పని చేయాలనుకుంటున్నాడో ఆ బోర్డు నియమాలు తెరిచి చదువుకోవాలి.

కాంక్రీట్_అక్క #13

మొదటి డిగ్రీకి గుర్తింపు ఉంటే లెక్క మారుతుంది, ఒప్పుకుంటా. నేను చూసినవాళ్లలో ఇద్దరి మొదటి డిగ్రీ ఫిజిక్స్. అందుకే అడ్డుపడింది.

అయినా సంతకం అక్కర్లేని రంగం అయితే ఈ గొడవే లేదు. డ్రైవ్‌లు తయారుచేసే కంపెనీలో సర్క్యూట్ డిజైన్ చేసేవాళ్లను లైసెన్స్ అడుగుతారా?

రిలే_రాణి #14

నేను చూసినంతలో అడగరు. సబ్‌స్టేషన్ డిజైనో, భవనాలకి కరెంటు డిజైనో చేసే కన్సల్టింగ్ అయితే అడుగుతారు. ఎలక్ట్రికల్ అని ఒకే మాట అంటున్నాం గానీ లోపల రెండు మూడు వేర్వేరు ఉద్యోగాలున్నాయి.

పాతబేరింగ్ #15

ఇంత వస్తుందనుకోలేదు. నా మొదటి డిగ్రీకి గుర్తింపు ఉంది, చూసుకున్నా. సంతకం పెట్టే పని కాదు నాకు కావాల్సింది, డ్రైవ్ లోపలి పని.

నాకు వచ్చింది ఏమిటంటే వైబ్రేషన్స్, కంట్రోల్స్ బాగా. ఎఫ్‌ఎఫ్‌టీ, అంటే వైబ్రేషన్‌ని ఫ్రీక్వెన్సీలుగా విడగొట్టే లెక్క, రోజూ చూసేదే. రానిది ట్రాన్సిస్టర్ అనగానే మొదలయ్యేదంతా. మూడు ఫేజుల సర్క్యూట్లు పైపైన. ఎలక్ట్రోమాగ్నెటిక్స్ అంటే మాక్స్‌వెల్ పేరు తెలుసు, అంతే.

తిరిగే_ఫ్రేమ్ #16

#15 చదివాక రాయాలనిపించింది. నేనూ మెకానికలే. ఇప్పుడు మోటార్ కంట్రోల్ ఫర్మ్‌వేర్. మాస్టర్స్ చేశా, మూడు బ్రిడ్జ్ కోర్సులతో.

డ్రైవ్‌లకి మారేవాడికి మెకానికల్ బరువు కాదు, ఆస్తి. ఏసీ మోటారుని కంట్రోల్ చేయడానికి మూడు ఫేజుల కరెంట్లని రోటర్‌తో పాటు తిరిగే రెండు అక్షాల మీదకి మారుస్తాం. 1929లో పార్క్ అనే ఇంజినీర్ రాసిన పేపర్‌తో నిలబడ్డ పద్ధతి ఇది. అలా మార్చగానే ఊగుతూ ఉండే కరెంట్లు నిలకడగా, డీసీలాగా కనిపిస్తాయి. అంతవరకు అందరికీ నచ్చుతుంది. కానీ సమీకరణంలో ఎక్కడా లేని ఒక కొత్త పదం వచ్చి కూర్చుంటుంది: వేగం ఇంటూ ఇండక్టెన్స్ ఇంటూ అవతలి అక్షం కరెంటు. మా క్లాసులో ఎలక్ట్రికల్ వాళ్లు దాన్ని బట్టీ పట్టారు. నాకు చూడగానే నవ్వొచ్చింది. తిరిగే ఫ్రేములో కూర్చుని డెరివేటివ్ తీస్తే ఫ్రేము తిరగడం వల్ల అదనపు పదం రావాల్సిందే కదా. డైనమిక్స్‌లో కొరియోలిస్ దగ్గర మనల్ని ఏడిపించింది ఈ అదనపు పదాలే. అంతకుముందు రోజు రాత్రే ఎందుకొచ్చానురా ఇక్కడికి అనుకున్నా. ఆ ఒక్క గంటతో తేరుకున్నా.

టార్క్ అంటే చేతికి తెలిసినవాడు, షాఫ్టు రెజొనెన్స్ గురించి చెప్పక్కర్లేనివాడు డ్రైవ్ టీములో అరుదు. రెండో బ్యాచిలర్స్ చేస్తే మీరు ఆలస్యంగా తయారైన ఇంకో ఎలక్ట్రికల్ గ్రాడ్యుయేట్ అవుతారు. మాస్టర్స్ చేస్తే రెండూ తెలిసినవాడు అవుతారు. నా దృష్టిలో తేడా ఇదే.

అయితే #3 చెప్పిందీ నిజమే. నా మూడు బ్రిడ్జ్ కోర్సుల్లో ఒకటి ల్యాబ్. అది నేను అడిగి వేయించుకున్నది.

సున్నా_డ్యాంపింగ్ #17

అసలు మెకానికల్ వాడికి సర్క్యూట్లు కొత్తేమీ కాదు. మాస్ అంటే ఇండక్టర్, డ్యాంపర్ అంటే రెసిస్టర్, స్ప్రింగ్ అంటే కెపాసిటర్ తలకిందులు. బలం వోల్టేజీ, వేగం కరెంటు. ఒకే సమీకరణం, అక్షరాలు వేరు. సగం సిలబస్ అయిపోయినట్టే.

రిలే_రాణి #18

బలం కరెంటు, వేగం వోల్టేజీ అనుకుంటే ఇంకా బాగుంటుంది. అప్పుడు మాస్ కెపాసిటర్ అవుతుంది, పక్కపక్కన (ప్యారలల్‌గా) కట్టినవి పక్కపక్కనే ఉంటాయి, బొమ్మ చూసి నేరుగా సర్క్యూట్ గీసేయొచ్చు. ఫైర్‌స్టోన్ అనే శాస్త్రవేత్త 1933లో ఈ కారణంతోనే ఆ పోలిక ప్రతిపాదించాడు.

సున్నా_డ్యాంపింగ్ #19

బలాన్ని కరెంటు అంటే మనసొప్పదు మేడం. నెట్టేది వోల్టేజీ. చిన్న పిల్లాడిని అడిగినా చెబుతాడు.

రిలే_రాణి #20

చిన్న పిల్లాడు సర్క్యూట్ గీయక్కర్లేదు.

వేదిక_నిర్వాహకుడు #21

ఈ గొడవకి ఇంకో చర్చ తెరుచుకోండి. గతంలో ఇదే గొడవ ఎనిమిది పేజీలు సాగింది, ఎవరూ మారలేదు.

ఇంటర్వ్యూ_బల్ల #22

బల్లకి అవతలి వైపు నుంచి రాస్తున్నా. పవర్ ఎలక్ట్రానిక్స్ టీముకి మనుషుల్ని తీసుకునే పని నాది.

రెజ్యూమెలో రెండు బ్యాచిలర్స్ కనిపిస్తే తప్పుగా అనుకోను, కానీ ఎందుకు అని అడుగుతా. వేరే బ్రాంచి మాస్టర్స్ కనిపిస్తే ఎందుకు అని అడగను, పునాది ఉందా అని చూస్తా. అంటే ప్రశ్న ఇద్దరికీ ఉంటుంది, రకం వేరు.

పునాది ఎలా చూస్తానంటే, కాగితం ఇచ్చి ఒక రెసిస్టర్, ఒక కెపాసిటర్ గీయమంటా. వెయ్యి ఓములు, ఒక మైక్రోఫారడ్. టైమ్ కాన్‌స్టాంట్ ఎంత? ఒక మిల్లీసెకను. కటాఫ్, అంటే సిగ్నల్ బాగా తగ్గడం మొదలయ్యే ఫ్రీక్వెన్సీ, ఎంత? సుమారు 159 హెర్ట్జ్. ఇంతవరకు అందరూ చెబుతారు. ఇప్పుడు దీని అవతల ఇంకో వెయ్యి ఓములు లోడుగా పెట్టాను, కటాఫ్ ఏమైంది అంటా. ఇక్కడ ఆగిపోతారు. మాస్టర్స్‌లో స్టేట్ స్పేస్, ఆప్టిమల్ కంట్రోల్ అన్నీ చదివి వచ్చినవాళ్లు ఆగిపోవడం చూశా. రెండు రెసిస్టర్లు కెపాసిటర్ కంటికి ప్యారలల్‌గా ఉన్నట్టే, ఐదు వందల ఓములు, కటాఫ్ రెట్టింపు. ఇది బ్యాచిలర్స్ మొదటి సర్క్యూట్స్ కోర్సు. దీనికి డిగ్రీ అక్కర్లేదు, ఒక్క కోర్సు ఒళ్లు వంచి చదివితే చాలు.

#1, మీ బేరింగ్ కథ ఇంటర్వ్యూలో చెప్పండి. కానీ గ్రౌండింగ్ రింగు దగ్గర ఆపకండి. డ్రైవ్ లోపలి ఇన్వర్టర్ ఇచ్చే మూడు ఫేజుల సగటు సున్నా కాకుండా ఎందుకు దూకుతూ ఉంటుంది, అది షాఫ్టు మీదకి ఏ కెపాసిటెన్స్ గుండా చేరుతుంది, అంతవరకు చెప్పగలిగితే మీ డిగ్రీ ఏదో నేను రెండోసారి చూడను.

పాతబేరింగ్ #23

#22, లోడు ప్రశ్న దగ్గర నేనూ ఆగాను. కింద జవాబు చదివి అయ్యో అనుకున్నా.

రాత్రి_డ్యూటీ #24

రెండో బ్యాచిలర్స్‌ని అంత చిన్నచూపు చూడకండి. భౌతిక శాస్త్రవేత్త డిరాక్ చేసింది అదే. 1921లో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ డిగ్రీ, ఉద్యోగం దొరకలేదు, అదే బ్రిస్టల్ యూనివర్సిటీలో మళ్లీ మ్యాథ్స్ బ్యాచిలర్స్, 1923లో పూర్తి. పదేళ్లకి నోబెల్.

లాప్లాస్_బాధితుడు #25

ట్రాన్సిస్టర్ కనిపెట్టినవాళ్లలో ఒకడైన బార్డీన్ ఎలక్ట్రికల్‌లో బ్యాచిలర్స్, మాస్టర్స్ చేసి, కొన్నాళ్లు ఉద్యోగం చేసి, నేరుగా మ్యాథమెటికల్ ఫిజిక్స్ పీహెచ్‌డీకి వెళ్లాడు. రెండు నోబెల్స్, 1956లో ఒకటి, 1972లో ఒకటి. లెక్క ప్రకారం బ్యాచిలర్స్ మళ్లీ చేయనివాడికే ఎక్కువ.

మళ్లీ_మొదటేడాది #26

డిరాక్‌కి ఫీజు లేకుండా చదవనిచ్చారు, మొదటి ఏడాది కూడా దాటవేశారు. అలాంటి ఆఫర్ మనకి వస్తే మనమూ చేద్దాం.

డబ్బు మాట వచ్చింది కాబట్టి: రెండో బ్యాచిలర్స్‌కి స్కాలర్‌షిప్పులు, రుణాలు దొరకడం చాలా చోట్ల కష్టం. మొదటి డిగ్రీ లేనివాళ్ల కోసం పెట్టినవే ఎక్కువ. మాస్టర్స్‌లో అయితే టీచింగ్, రిసెర్చ్ అసిస్టెంట్ పనులకి అవకాశం ఉంటుంది. కొన్ని యూనివర్సిటీలు రెండో బ్యాచిలర్స్‌కి అసలు దరఖాస్తే తీసుకోవు, అదీ చూసుకోండి.

క్రెడిట్_గుమాస్తా #27

యూరప్ వైపు చూసేవాళ్లకి ఒక హెచ్చరిక. అక్కడ ఏడాది చదువంటే 60 క్రెడిట్లు, ఒక్కో క్రెడిట్‌కి 25 నుంచి 30 గంటల పని. చాలా మాస్టర్స్ ప్రోగ్రాములు డిగ్రీ పేరు కంటే ముందు ఏ సబ్జెక్టులో ఎన్ని క్రెడిట్లు ఉన్నాయని చూస్తాయి. ఎలక్ట్రికల్ సబ్జెక్టుల్లో ఇన్ని క్రెడిట్లు ఉండాలి అని గీత గీస్తారు. మెకానికల్ ట్రాన్‌స్క్రిప్టులో ఆ లెక్క తగ్గితే నేరుగా తిరస్కరణే, షరతుల సీటు కూడా ఉండదు.

అందుకే అప్లై చేసేముందు మీ ట్రాన్‌స్క్రిప్టు పక్కన వాళ్ల బ్యాచిలర్స్ సిలబస్ పెట్టుకుని కోర్సు కోర్సుకీ గీత కలపండి. మెకాట్రానిక్స్ అని చదివిన కోర్సు ఎలక్ట్రికల్ కింద లెక్కకి రావచ్చు. కోర్సు పేరు చూసి కొట్టేస్తారు, లోపలి సిలబస్ పంపితే ఒప్పుకున్న సందర్భాలున్నాయి. పాత సిలబస్ కాగితాలు పారేయొద్దు, మహానుభావులారా.

ఓమ్_స్వాహా #28

#27 చెప్పిన గీతల పని నేను చేరాక చేశా. చేరేముందు చేసుంటే ఒక బ్రేకర్ బతికేది.

కోడ్_లోకి_జంప్ #29

నేను సివిల్ నుంచి సాఫ్ట్‌వేర్‌కి మారా. రెండూ చేయలేదు. ఆన్‌లైన్‌లో నేర్చుకున్నా, ప్రాజెక్టులు చేశా, అయిపోయింది. ఎందుకండీ ఇన్ని లెక్కలు?

కాంక్రీట్_అక్క #30

నీ కోడ్ తప్పయితే ఎర్ర అక్షరాలు వస్తాయి బాబూ. #3లో ఆయనది తప్పయితే ఏమొచ్చిందో చదివావా?

కోడ్_లోకి_జంప్ #31

చదివాను అక్కా. వెనక్కి తీసుకుంటున్నా.

తిరిగే_ఫ్రేమ్ #32

#8 చెప్పిన గొలుసు సంగతి మాస్టర్స్‌కి కూడా వర్తిస్తుంది, అది ఎవరూ అనలేదు. బ్రిడ్జ్ కోర్సులు ఐదు అంటే ఒక సెమిస్టర్‌లో అయిపోతాయనుకోవద్దు. ఐదూ ఒకదాని మీద ఒకటి నిలబడేవైతే రెండున్నరేళ్లు. పక్కపక్కన చదవగలిగేవైతే ఒక సెమిస్టర్. డిపార్ట్‌మెంటుని అడగాల్సింది ఎన్ని కోర్సులు అని కాదు, ఏ వరసలో, ఏ సెమిస్టర్లో నడుపుతారు అని. పీజీ క్లాసులు వాటితో పాటే మొదలుపెట్టనిస్తారా అని కూడా.

ఇంకొకటి. డిగ్రీలో చేరకుండా ఒక్క కోర్సు మాత్రమే డబ్బు కట్టి చదవనిచ్చే యూనివర్సిటీలు చాలా ఉన్నాయి. సర్క్యూట్స్ అలా ఒకటి తీసుకోండి. గ్రేడు బాగా వస్తే అప్లికేషన్‌లో బలం. నచ్చకపోతే ఒక్క సెమిస్టరే పోతుంది.

మళ్లీ_మొదటేడాది #33

#32తో నూటికి నూరు. నన్ను ఇప్పుడు అడిగితే, నా కెమికల్‌కి, ఎలక్ట్రానిక్స్‌కి మధ్య దూరం ఎక్కువ, అందుకే బ్యాచిలర్స్ చేసినందుకు బాధ లేదు. సర్క్యూట్ అన్న మాటే మొదటిసారి అక్కడ విన్నా. పాతబేరింగ్‌కి ఆ దూరం లేదు. ఎఫ్‌ఎఫ్‌టీ రోజూ చూసేవాడిని మొదటేడాది బెంచీ మీద కూర్చోబెట్టడం అన్యాయం.

లాప్లాస్_బాధితుడు #34

మూడు పేజీలు తిరిగి #2కే వచ్చారు. నాకు సన్మానం చేయండి.

ఓమ్_స్వాహా #35

శాలువా తెస్తా. నా క్లిప్‌తో పిన్ను పెడతా.

పాతబేరింగ్ #36

ఐదు నెలల తర్వాత వస్తున్నా, చర్చ ఇంకా తెరిచే ఉంది కాబట్టి.

#27 చెప్పినట్టు గీతలు గీశా. ఎలక్ట్రికల్ బ్యాచిలర్స్ సిలబస్‌లో నాకు నిజంగా లేనివి తొమ్మిది. వాటిలో డ్రైవ్‌ల పనికి తప్పనివి ఐదు: సర్క్యూట్స్, ఎలక్ట్రానిక్స్, ఎలక్ట్రోమాగ్నెటిక్స్, మెషీన్స్, వీటికి తోడు ల్యాబ్. సిగ్నల్స్ బదులు నా వైబ్రేషన్స్, కంట్రోల్స్ సిలబస్ పంపితే మాస్టర్స్ డిపార్ట్‌మెంటు ఒప్పుకుంది. రెండు మెయిళ్లు పట్టింది, రెండోదానికి యూనిట్‌వారీ సిలబస్ స్కాన్ జత చేశా.

ఉద్యోగం చేస్తూనే సర్క్యూట్స్ ఒక్కటీ సాయంత్రం క్లాసుగా తీసుకున్నా. మొదటి పరీక్షలో నలభై శాతం. మొదటి ప్రశ్నే #22 అడిగినలాంటిది, లోడు పెట్టి మరీ. అది ఒక్కటే పూర్తిగా రాశా. చివరి పరీక్షలో ఎనభై మూడు.

వచ్చే సెమిస్టర్ నుంచి మాస్టర్స్. మిగిలిన నాలుగులో మెషీన్స్, ఎలక్ట్రానిక్స్ పక్కపక్కన చదవొచ్చు, ఎలక్ట్రోమాగ్నెటిక్స్ ఏడాదికి ఒకసారే, అది తర్వాత. ల్యాబ్ మొదటి సెమిస్టర్‌లోనే కావాలని రాసి అడిగా, ఇచ్చారు.

ఓమ్_స్వాహా #37

ల్యాబ్‌లో డిఫరెన్షియల్ ప్రోబ్ ఏ అల్మారాలో ఉందో మొదటి రోజే అడిగి తెలుసుకో తమ్ముడూ.

పాతబేరింగ్ #38

అడిగా అన్నా. ఒక్కటే ఉందట. తాళం చెవి ఆ ల్యాబ్ చూసుకునే ఆవిడ దగ్గరుంది. ఎందుకు కావాలి అంటే మీ కథ చెప్పా. తాళం చెవి ఎక్కడ పెడుతుందో చూపించింది.

రాత్రి_డ్యూటీ #39

ఇంతకీ బలం కరెంటా, వోల్టేజా?

వేదిక_నిర్వాహకుడు #40

చర్చ మూసేస్తున్నాం.